పాత కీబోర్డు, కొత్త కంప్యూటరు
(పాల సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాల కొలత, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. కంప్యూటరులో ఎక్కించే సంఘాలలో ఆ అంకెలను బట్టే మన బిల్లు తయారవుతుంది. కొత్త కంప్యూటరు పెట్టిన రోజున తీగ లేని పాత కీబోర్డు, మౌస్ పనిచేయకపోతే, పాలు తెచ్చినవారు వరుసలో నిలబడిపోతారు. వెంటనే కొత్తవి కొనేద్దామంటారు. ఆ డబ్బు మనందరిదీ. కనుక కొనేముందు చూడవలసిన నాలుగు సంగతులు మనవి చేస్తున్నాము.

మొదటిది, రిసీవరు. గోరంత ఉండే ఈ బిళ్ల పాత కంప్యూటరు యు.ఎస్.బి. రంధ్రంలోనే ఉండిపోతుంది. పాత పెట్టెను అమ్మితే దానితోపాటే పోతుంది. ముందుగా దానిని తీసి కొత్తదానికి పెట్టండి. చాలా రకాలకు అంతకు మించి ఏమీ చేయనక్కరలేదు.

రెండవది, రిసీవరు పోతే ఏం చేయాలి? వేరొక కీబోర్డు రిసీవరు సాధారణంగా పనికిరాదు. 2009లో వచ్చిన లాజిటెక్ వారి యూనిఫయింగ్ గుర్తు ఉన్నవాటికి మాత్రం, అదే గుర్తు గల మరో రిసీవరు తెచ్చి, వారి సాఫ్టువేరుతో జతచేయవచ్చు. ఒక్క రిసీవరుకు ఆరు పరికరాల వరకు కలుస్తాయి. అదే కంపెనీ 2021లో తెచ్చిన బోల్ట్ రిసీవరు వీటికి కలవదు. గుర్తు చూసి కొనండి.

మూడవది, బాణం తడబడటం. ముందు బ్యాటరీ మార్చండి. తగ్గకపోతే రిసీవరు చోటు మార్చండి. ఈ పరికరాలలో ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలతో పనిచేస్తాయి. యు.ఎస్.బి. 3.0 రంధ్రాల నుండి వెలువడే అలజడి ఆ తరంగాలకు అడ్డు తగులుతుందని ఇంటెల్ సంస్థ 2012లో వివరించింది. ఈ రంధ్రాలు తరచు లోపల నీలంగా ఉంటాయి. రిసీవరును పాత రకం రంధ్రంలో పెట్టండి, లేదా చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో బల్లమీదికి తెచ్చుకోండి.

నాలుగవది, బ్లూటూత్ రకం. దీనికి విడి రిసీవరు రాదు. కొత్త డెస్క్‌టాపులో బ్లూటూత్ లేకపోతే చిన్న అడాప్టరు చాలు. జతచేసేటప్పుడు తెరమీద అంకెలు కనిపిస్తే, వాటిని పాత కీబోర్డు మీదనే కొట్టి ఎంటర్ నొక్కాలి. జత కుదిరేవరకు పని నడవాలి గనుక, తీగ ఉన్న కీబోర్డు, మౌస్ ఒక్కొక్కటి సంఘంలో ఎప్పుడూ ఉంచండి.

చివరగా ఒక మాట. స్టాకు రిజిస్టరులో కీబోర్డు పద్దు పక్కనే రిసీవరును కూడా వ్రాయించండి. పాత కంప్యూటరు గడప దాటేముందు ఆ పద్దు ఒకసారి సరిచూసుకోండి.