నట్టు బిగిస్తే సరిపోతుందా?

పాత మోటారు సైకిలు మీద దూర ప్రయాణానికి సిద్ధపడుతున్నారా? అయితే ఈ కొద్ది నిమిషాలు దాని బ్రేకుల గురించి నాతో కలిసి ఆలోచించండి.

1994లో వచ్చిన హీరో హోండా స్ప్లెండర్ వంటి బండ్లు మన ఊళ్లలో ఇంకా తిరుగుతున్నాయి. ఆ తొలినాటి బండ్లకు ముందూ వెనుకా డ్రమ్ము బ్రేకులే. బ్రేకు నొక్కగానే డ్రమ్ము లోపలి రెండు షూలు విచ్చుకుని దాని గోడను ఒరుసుకుంటాయి. ఆ రాపిడికే చక్రం ఆగుతుంది. షూల మీది లైనింగు రోజూ కొంచెం కొంచెంగా అరుగుతుంది. ఒక్క రోజులో పాడవదు గనుక మనకు తెలియదు. పెడలు కిందికి దిగినప్పుడల్లా వెనుక రాడ్డు నట్టు కాస్త బిగిస్తాం, బాగైపోయిందనుకుంటాం. బాగైందా? లేదు సుమా! అరుగుదల అలాగే ఉంది. నట్టు దాన్ని మన కంటికి కనబడకుండా చేసింది, అంతే.

మరి నిజం ఎలా తెలుస్తుంది? చాలా బండ్లకు వెనుక చక్రం దగ్గర, బ్రేకు ప్లేటు మీద ఒక గుర్తు ఉంటుంది. బ్రేకును పూర్తిగా నొక్కి చూడండి. పక్కనున్న బాణం ఆ గుర్తును చేరితే షూల ఆయుష్షు తీరినట్టే. చక్రం విప్పించి, రెండు షూలూ కలిపి మార్పించండి. లోపలి దుమ్మును నోటితో ఊదవద్దు. పాత లైనింగుల్లో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, తడిగుడ్డతో తుడవండి. లైనింగుకు గ్రీజు చుక్క కూడా తగలకూడదు. ముందు బ్రేకు కేబులులో ఒక్క పోగు తెగినా కొత్తది వేయించండి. అంతా బిగించాక చక్రం చేత్తో తిప్పితే పట్టేయకుండా తిరగాలి.

ఈ పని ప్రయాణానికి ముందు రాత్రి కాదు, వారం ముందే చేయించండి. కొత్త షూలు డ్రమ్ముకు ఒదగడానికి కొన్ని రోజులు నెమ్మదిగా నడపాలి.

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. గేదె అడ్డొచ్చిందని గ్రహించి మీరు బ్రేకు అందుకునే లోగానే ఆ దూరం గడిచిపోవచ్చు. ఆ తరువాతి దూరమంతా బ్రేకు చేతిలోనే ఉంది. అరకు నుండి అనంతగిరి ఘాట్ రోడ్డు దిగేటప్పుడు అదే పనిగా బ్రేకు తొక్కితే డ్రమ్ము వేడెక్కి పట్టు తగ్గుతుంది. చిన్న గేరులో నెమ్మదిగా దిగండి.

ప్రియులారా, మీ వెనుక కూర్చున్నవారి చేతిలో బ్రేకు లేదు. వారికున్నది మీ మీది నమ్మకమే. ప్రార్థన చేసుకుని బయలుదేరడం మన ఇళ్లలో అలవాటు, మంచిదే. కాని మెకానిక్కు చేయవలసిన పనిని ప్రార్థనకు అప్పగించకండి. ఈ వారమే బండి చూపించండి. మీ ప్రయాణం క్షేమంగా సాగును గాక!