సూది మానేశాక

ఈమధ్య ఏ పేరంటానికి వెళ్లినా ఒక మాట వినబడుతోంది. "ఆవిడ సూదులు వేయించుకుని సన్నబడిందిట!" ఆర్నెల్లు పోయాక అదే పేరంటంలో ఇంకో మాట. "మానేసింది కాబోలు, మళ్లీ ఒళ్లు చేసింది." మొదటి మాటలో కాస్త అసూయ, రెండో మాటలో కాస్త సంతోషం. ఇవాళ నేను మీతో చెప్పదలచుకున్నది ఆ రెండో మాట గురించి.

మా వీధిలో ఒక వదినగారున్నారు. యాభై దాటాయి. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలో అమ్మకానికి వచ్చాక, డాక్టరు సలహా మీద ఆవిడ తొమ్మిది నెలలపాటు వారానికొక సూది వేసుకున్నారు. 82 కిలోల మనిషి 70కి దిగారు. జాకెట్లన్నీ దర్జీకిచ్చి బిగుతు చేయించుకున్నారు. అంతలో అబ్బాయి కాలేజీ ఫీజు వచ్చిపడింది. ఇంట్లో ఏదో ఒక ఖర్చు తగ్గాలంటే ముందు తెగేది ఇల్లాలి ఖర్చే కదా! సూది మానేశారు. నాలుగు నెలలు పోయాక ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి, కిటికీ దగ్గర కూర్చుని బ్లేడుతో ఆ జాకెట్ల కుట్లు విప్పుకుంటున్నారు. "నోటిమీద అదుపు లేనిదాన్ని వదినగారూ, డబ్బంతా దండగ చేశానని ఈయన రోజూ అంటూనే ఉన్నారు" అన్నారు తలెత్తకుండా.

ఆ మాట తప్పని నేను గట్టిగా చెప్పగలను. ఎందుకో వినండి.

మనం అన్నం తిన్నప్పుడు పేగుల్లో జీఎల్‌పీ-1 అనే హార్మోను ఊరుతుంది. "ఇక చాలు" అని మెదడుకు కబురు పంపేది అదే. కాని మన ఒంట్లో ఊరింది రెండు మూడు నిమిషాల్లోనే పోతుంది. సూదిలో ఉండే సెమాగ్లూటైడ్ దాని పోలికతో చేసినదే గాని, అందులో సగం తగ్గడానికే వారం పడుతుంది. పూర్తిగా పోవడానికి అయిదారు వారాలు. అందుకే మానేసిన కొత్తలో "ఫరవాలేదే, నిలదొక్కుకున్నాను" అనిపిస్తుంది. అసలు ఆకలి ఆ తరవాత మొదలవుతుంది.

అదీ మామూలు ఆకలి కాదు. బరువు తగ్గితే, కరువొచ్చింది కాబోలు అనుకుంటుంది ఒళ్లు. ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్‌లో 50 మందికి తిండి బాగా తగ్గించి చూశారు. 2011లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, ఏడాది గడిచినా వారి ఆకలి హార్మోన్లు యథాస్థితికి రాలేదు. తగ్గిన ఒక్కొక్క కిలోకూ ఆకలి రోజుకు సుమారు 100 కేలరీలు పెరుగుతుందని 2016లో పరిశోధకులు లెక్కగట్టారు. అంటే కిలోకొక పుల్కా అన్నమాట. పన్నెండు కిలోలు తగ్గిన మనిషిని ఆవిడ ఒళ్లే రోజూ పన్నెండు పుల్కాలు అదనంగా పెట్టమని పీడిస్తుంటే, నోటి అదుపు అని సులువుగా ఎలా అనడం?

సెమాగ్లూటైడ్ మానేసిన వాళ్లను ఏడాదిపాటు చూస్తే, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చిందని 2022లో తేలింది. మౌంజారోలో ఉండే టిర్జెపటైడ్ సంగతీ అంతే. మానేసిన వాళ్లలో, తగ్గిన దానిలో 80 శాతమైనా నిలుపుకున్నది నూటికి పదిహేడుగురే. కాబట్టి మా వదినగారు ఆ మిగతా 83 మందిలో ఒకరు, అంతే.

మరి చేయగలిగిందేమీ లేదా అంటే ఉంది. ముందొక హెచ్చరిక. షుగరు జబ్బుకు ఈ సూది వేసుకునేవారు డాక్టరును అడగకుండా మానకూడదు. బిడ్డను కనాలనుకునేవారు మాత్రం, సెమాగ్లూటైడ్ అయితే కనీసం రెండు నెలల ముందే మానేయాలి. కోడళ్లకు, కూతుళ్లకు ఈ సంగతి చెప్పండి.

ఇక వంటింట్లోకి వద్దాం. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం, రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదు. పప్పులు, గుడ్లు, మాంసం కలిసి 15 శాతం దాకా ఉండాలి. మన కంచం చూసుకుంటే తలకిందులుగా ఉంటుంది. అన్నం గుట్ట, పక్కన గరిటెడు పప్పు, ఊరగాయ ముక్క! పప్పూ కూరా ముందు తిని, వాటితో అన్నం నంజుకున్నట్టు తినాలి. పొద్దున ఇడ్లీకి బదులు పెసరట్టు, సాయంత్రం జంతికలకు బదులు ఉడికించిన సెనగలు, తినేవాళ్లకు గుడ్డో చేపో. సూది ఉన్నన్నాళ్లూ పిల్లల కంచంలో మిగిలిన ముద్దలు పారేయలేక మనం నోట్లో వేసుకునే అలవాటు దానంతటదే పోతుంది. మానేశాక చడీచప్పుడు లేకుండా తిరిగొస్తుంది. ఆ ఒక్కదాని మీద కన్నేసి ఉంచండి. అలాగని ఒంటిపూట భోజనాలు మొదలెట్టకండి. రాత్రి పదింటికి డబ్బాలు వెతికేది అలాంటివాళ్లే.

రెండోది కండ. తగ్గిన బరువులో కొవ్వుతోపాటు కొంత కండ కూడా పోతుంది. కొవ్వు ఊరికే తిరిగొస్తుంది, కండ పనిపెడితేగాని రాదు. "ఇంటెడు చాకిరీ చేస్తున్నాంగా" అంటారు. నిజమే గాని ఆ చాకిరీకి ఒళ్లు ఏనాడో అలవాటుపడిపోయింది. చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోండి, గోడకు చేతులానించి తోయండి, నీళ్ల సీసాలు ఎత్తి దించండి. రోజు విడిచి రోజు చాలు. నడక ఎటూ ఉండాలి. డెన్మార్క్‌లో ఇలాంటిదే వేరే సూది, లిరాగ్లూటైడ్, వాడి మానేసిన వాళ్లను ఏడాదిపాటు చూశారు. సూదితోపాటు వ్యాయామం చేసినవాళ్లకు తిరిగొచ్చిన బరువు, సూది ఒక్కటే వాడినవాళ్ల కన్నా తక్కువ. అంచేత మానేశాక కాదు, సూది ఉండగానే మొదలెట్టడం మేలు.

వారానికొకసారి, ఒకే రోజు, పొద్దున్నే బరువు చూసుకోండి. మూడు కిలోలు పెరిగితే పది పెరిగేదాకా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. బీపీ మాత్రలా కొందరికి ఈ మందు ఏళ్ల తరబడి కావలసి రావచ్చు. బీపీ మాత్ర వేసుకునేవాళ్లను మనం ఎగతాళి చెయ్యం కదా!

మగవారు ఎవరైనా ఇది చదువుతుంటే, మీతోనూ ఒక మాట. ఆవిడ కంచంలోకి చూసి లెక్కలు కట్టడం మాని, ఆవిడ నడకకు వెళ్లే అరగంట పొయ్యి మీద పాలు మీరు చూసుకోండి.

మా వదినగారు, నేను ఇప్పుడు సాయంత్రం కలిసి నడుస్తున్నాం. ఆవిడ బరువు 75 దగ్గర ఆగింది. 70కి దిగలేదు గాని రెండు నెలలుగా పెరగనూ లేదు. కుట్లు విప్పిన జాకెట్లు నాలుగు తొడుక్కుంటున్నారు. మిగతావి విప్పకుండానే బీరువాలో ఉన్నాయి.