పసిబిడ్డల భోజనము - వంటపుస్తకము



ఈనాటి నా ప్రసంగవిషయము పసిబిడ్డల భోజనము. అందును ముఖ్యముగా ఆ భోజనమును గూర్చి వ్రాయబడిన వంటపుస్తకములు. ఇది విని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. "పంతులుగారికి వ్యాకరణము తెలియును, కావ్యములు తెలియును, గరిటె పట్టుట తెలియునా?" అని యడుగవచ్చును. తెలియదనియే నా యుత్తరము. నేను ముప్పదియైదు సంవత్సరములు తెలుగుపండితుడనుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. నా జీవితములో పొయ్యి రాజేసినది పది మారులకు మించదు. అయినను ఈ విషయమున మాటలాడుటకు నాకొక కారణము కలదు. మా యింట ఒక పసిబిడ్డకు అన్నము ఆలస్యమగుటకు నేనే కారకుడనైతిని. ఆ సంగతి దాపకుండ మీకు చెప్పవలెనని నా కోరిక.

మాది నెల్లూరుజిల్లాలో, రాత్రివేళ సముద్రపుహోరు వినవచ్చునంత దూరమున నున్న పల్లె. ఒక ప్రక్క వరిమళ్లు, ఒక ప్రక్క రొయ్యలగుంటలు, ఆవల సరుగుడుతోపులు, వాని కావల బెస్తవారి పాళెములు. నా కుమారునికి చెన్నపట్టణములో ఉద్యోగము. కోడలు పుట్టింట పురుడు పోసికొని, ఐదవనెలలో ఆడుబిడ్డతో మా యింటికి వచ్చెను. ఆమె పెట్టెలో ఒక పుస్తకముండెను. ఆరునెలలు మొదలు మూడేండ్లవరకు బిడ్డలకు ఏమి వండవలెను, ఎట్లు వండవలెను, ఎంత పెట్టవలెను అని తెలుపు పుస్తకమది. నున్నని కాగితము; పుటపుటకు రంగుల బొమ్మలు.

బిడ్డకు ఆరునెలలు నిండగనే కోడలు ఆ పుస్తకము తెచ్చి, "మామయ్యగారూ, ఇక పాపకు పాలతోబాటు మెత్తని అన్నము రెండు మూడు చెంచాలు పెట్టవలెనని దీనిలో నున్నది. పెట్టమందురా?" అని యడిగెను. నేను పంచాంగము చేతబట్టితిని. ఆడుబిడ్డకు బేసిమాసమున అన్నప్రాశనము చేయుట మన యాచారము. నడుచుచున్నది ఏడవమాసము; అది యుక్తమే. కాని అప్పుడు శుక్రమౌఢ్యము. ఎనిమిదవది సరిమాసము. కావున తొమ్మిదవమాసమున ముహూర్తము పెట్టుదమంటిని. "అంతదనుక తల్లిపాలు చాలవా? మేమందరము పుస్తకములు చూచియే పెరిగితిమా?" అని కూడ అంటిని. బ్రదుకంతయు పుస్తకములమీదనే గడపినవాడను, ఆ మాట నా నోట వచ్చెను! కోడలు మారుమాట యాడలేదు. పుస్తకము మూసి బీరువాలో పెట్టెను.

ఎనిమిదినెలలు నిండునప్పటికి బిడ్డ బరువు తూచిరి. 6.1 కిలోలు. ఆ వయసు ఆడుబిడ్డల సగటు బరువు 7.9 కిలోలు, 6.3 కిలోలకు తగ్గినచో బిడ్డ చిక్కిపోవుచున్నదని యెంచవలెను. అంగన్‌వాడీ కార్యకర్త తన కార్డు చూపెను. అందు బిడ్డ గుర్తు పచ్చని పట్టీనుండి జారి పసుపుపట్టీలో పడియుండెను. ఆమె మా బడిలో నావద్ద చదువుకొన్న పిల్ల. "అయ్యవారూ, పాపకు అన్నమేమి పెట్టుచున్నారు?" అని యడిగెను. నేను చెప్పవలసినది చెప్పితిని. ఆమె తల వంచుకొనెను. విద్యార్థి యెదుట ఉపాధ్యాయుడు తప్పు చెప్పి పట్టువడినట్లాయెను.

ఇంటికి వచ్చి పంచాంగము మరల తెరచితిని. నామకరణము, అన్నప్రాశనము మొదలగు కాలనియతములైన కర్మములకు మౌఢ్యదోషము లేదని అందే అచ్చువేయబడియున్నది. నేను చూడలేదు, చూచినను పట్టించుకొనలేదేమో! శాస్త్రము పేర శాస్త్రములో లేని నిషేధమును విధించితిని. సుశ్రుతుడు ఆరవమాసమున బిడ్డకు లఘువును హితమును అగు అన్నము పెట్టుమనెను. కాశ్యపసంహిత ఆరవమాసమున ఫలప్రాశనము చెప్పినది. అన్నప్రాశనము వేడుకయే కాదు. బిడ్డ ఆకలికి పెద్దలు పెట్టిన గడువు. ఆ గడువును నేను దాటించితిని.

నేటి వైద్యులు చెప్పు కారణము మీరు వినవలెను. ఆరునెలలవరకు తల్లిపాలే బిడ్డకు సర్వమును. నీరు కూడ నక్కరలేదు. పుట్టుకతో తెచ్చుకొన్న యినుపధాతువు నిలువ ఆరవనెల ప్రాంతమున తరుగును. తల్లిపాలలో అది స్వల్పము. బిడ్డ ప్రాకనారంభించును, శక్తి చాలదు. కావున ఆరునెలలు నిండినది మొదలు ఎనిమిదవనెలవరకు దినమునకు రెండు మూడు మారులును, పిమ్మట మూడు నాలుగు మారులును, అన్నము పెట్టవలెను. అన్నమువలన బిడ్డకు చేరవలసిన శక్తి మొదట దినమునకు 200 కాలరీలు, తొమ్మిదవనెల మొదలు 300, ఏడాది దాటినపిమ్మట 550 అని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క. తల్లిపాలు మాత్రము రెండేండ్లు నిండువరకును, ఆపైనను ఇయ్యవచ్చును. అన్నము పాలకు తోడే కాని సవతి కాదు.

బీరువాలోని పుస్తకము మరల బయటికి వచ్చెను. అంతటితో కష్టములు తీరెనని తలపకుడు. పుస్తకములో ఓట్సు అని యున్నది; మా యూరి అంగడిలో అది లేదు. బటర్‌ఫ్రూట్ అని యున్నది. అది నెల్లూరు పోయి కొనవలెను, వెల విన్నచో ఆకలి చచ్చును. "కప్పు" అని యున్నది, ఏ కప్పు? మా యింట గిద్ద, సోల యున్నవి. కాఫీ లోటా లున్నవి. యంత్రములో వేసి నున్నగా రుబ్బుమని యున్నది. రుబ్బుటకు నీరు పోయగా పోయగా అది గంజియాయెను. బిడ్డ కడుపు చిన్నది. పలుచని గంజితో ఆ కడుపు నిండును, ఒడలు నిండదు.

అన్నింటికంటె పెద్దచిక్కు వేరొకటి. పుస్తకములో ఇన్ని చెంచాలని యున్నది గనుక అన్నియు తినిపించితీరవలెనని కోడలు పట్టుబట్టెను. బిడ్డ మొగము త్రిప్పుకొనును, ఉమియును, ఏడ్చును. బిడ్డతో తల్లియు నేడ్చును. "పుస్తకములోని బిడ్డలందరు తినుచున్నారు, నా బిడ్డ తినదు, నాకే చేతకాదు" అని ఆమె యొకనాడు మా ఆవిడ యెదుట వాపోయెను. మా ఆవిడ చదివినది అయిదవతరగతి. ఆమె బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని, "పుస్తకము వ్రాసినవారు మన పాపను చూడలేదు కదమ్మా! ఎంత పెట్టవలెనో పుస్తకము చెప్పనీ. ఇప్పుడు చాలునో చాలదో ఇది చెప్పును. మొగము త్రిప్పినచో ఆగుము. నోరు తెరచినచో పెట్టుము" అనెను.

ఆనాటినుండి మా యింట పని మూడు పాళ్లాయెను. నేను పుస్తకము బిగ్గరగా చదువుదును. మా ఆవిడ దానికి మా యింటి వస్తువును చెప్పును. కోడలు వండి పెట్టును. ఓట్సు అన్నచోట రాగిపిండి. బటర్‌ఫ్రూట్ అన్నచోట మాగిన అరటిపండును, అన్నములో నేయియు. పేరు తెలియని ఆకుకూర యున్నచోట తోటకూర, మునగాకు. మూడు నాలుగు పాళ్లు బియ్యమునకు ఒక పాలు పెసరపప్పు కలిపి మెత్తగా ఉడికించి, చేతితో మెదిపి పెట్టిరి. బియ్యములోని లోటును పప్పును, పప్పులోని లోటును బియ్యమును తీర్చునని శాస్త్రజ్ఞులు నేడు చెప్పుచున్నారు. కొలతకొరకు పాలవాని పావులీటరు కొలతతో నీరు పోసి ఒక చిన్నగిన్నెను ఏర్పరచితిమి. మొదట పూటకు రెండు మూడు పెద్ద చెంచాలు. తొమ్మిదవనెల మొదలు సగము గిన్నె. ఏడాది దాటగా ముప్పాతిక మొదలు నిండుగిన్నెవరకు. చిక్కదనమునకు గురుతు: చెంచాను వంచినప్పుడు అన్నము జారిపోక నిలువవలెను.

రాగులవిషయమున మన పెద్దల పద్ధతి యొకటి మెచ్చదగినది. రాగులు నానబోసి, మొలకలెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి విసరిన పిండితో జావ కాచినచో అది అంతగా గట్టిపడదు. మొలక యెత్తునప్పుడు పుట్టు ఒక ద్రవ్యము పిండిపదార్థమును విరిచి పలుచబరచును. కావున అదే గిన్నెలో ఎక్కువ పిండి ఇముడును. నీరు పోయకయే బిడ్డ మ్రింగగలుగును. మా ఆవిడకు ఈ కారణము తెలియదు, పని తెలియును. పుస్తకమునకు కారణము తెలియును, మా యింటి రాగులు తెలియవు.

పుస్తకము మన పాతపద్ధతులను కొన్నింటిని కాదనుటయు నున్నది. అచ్చట మనమే తగ్గవలెను. ఏడాది నిండనిదే బిడ్డకు తేనె నాకించరాదు. తేనెలో అరుదుగా నుండు ఒక సూక్ష్మజీవి పసిబిడ్డ ప్రేగులలో పెరిగి విషము పుట్టించి, కండరములను చచ్చుపరచును. తేనెయు నేయియు నాకించు ఆచారము తెలిసినవాడనే; అయినను నేనిప్పుడు తేనె మానుమనుచున్నాను. వేరుసెనగపప్పు గింజలుగా నిచ్చినచో గొంతున నడ్డుపడును, పొడిచేసి కలుపవలెను.

ఇట్టి పుస్తకములన్నియు పరదేశమునుండి వచ్చినవని తలపకుడు. 1918లో కూనూరున బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకు చిన్నశాఖగా పుట్టిన సంస్థయే 1958లో హైదరాబాదునకు వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థయని పేరు వడసెను. మన బియ్యములో నేమున్నది, మన పప్పులో నేమున్నది అని తూచి పట్టికలు వ్రాసినవారు వారు. ఆ పట్టికలు మొదట 1937లో వెలువడినవి. బక్కచిక్కిన బిడ్డలను తేర్చుటకు వారు హైదరాబాదు మిశ్రమమను నొక పొడిని కూర్చిరి: వేయించిన గోధుమలు 40 గ్రాములు, సెనగపప్పు 16, వేరుసెనగ 10, బెల్లము 20. ఇందు 330 కాలరీల శక్తియు, సుమారు 11 గ్రాముల మాంసకృత్తులును గలవు. అన్నియు మన అంగడి సరకులే. అయితే ఆరోగ్యముగా నున్న బిడ్డకు రెండేండ్లవరకు తీపి అలవాటు చేయకుండుట మేలని నేటి వైద్యుల మతము.

పాళెముల సంగతి యొక మాట. అంగన్‌వాడీలో నొకనాడు ఒక బెస్తయిల్లాలిని చూచితిని. ఆమె అక్షరము నెరుగదు. ముల్లు తీసిన చేపను అన్నములో మెదిపి, ఎనిమిదినెలల బిడ్డకు ముద్దముద్దకు మాట చెప్పుచు పెట్టుచుండెను. బిడ్డ దుక్కగా నుండెను. నేను మెచ్చుకొనగా ఆమె, "ఈ పూట వేటకు పోలేదు గనుక పెట్టుచున్నాను సామీ. చేపల తట్టతో సంతకు పోయిననాడు దీని అక్కయే దిక్కు. అది బిస్కత్తు చేతికిచ్చి ఊరకుండును" అనెను. ఆ అక్కకు ఎనిమిదేండ్లు. పుస్తకము లేనందువలన గాక, ప్రక్కన కూర్చుండువారు లేనందువలన ఆకలిగొను బిడ్డలు మన తీరమున నున్నారు. ఇంటిపట్టున నుండు ముసలివారము మనము. ఆ కూర్చుండుట మనకు చేతకాని పని కాదు.

పెద్దలారా, మీకు మూడు మనవులు. బిడ్డకు ఆరునెలలు నిండినప్పుడు ముహూర్తము దొరకలేదని అన్నము నిలుపకుడు; వేడుక పిమ్మట చేసికొనవచ్చును. ఇంటి కోడలో కూతురో పుస్తకము తెచ్చినప్పుడు నావలె ఎగతాళి చేయకుడు. చదివి వినిపింపుడు, మన యింటి కొలతలోనికి మార్చి చెప్పుడు. నెలనెలకు బిడ్డను తూకమునకు తీసికొనిపోవు పని మీరు పూనుకొనుడు. పుస్తకము చెప్పినది బిడ్డ ఒంటికి చేరినదో లేదో చెప్పునది ఆ తక్కెడ యొక్కటే.

మా మనుమరాలు ఏడాది నిండునాటికి 7.6 కిలోలు తూగెను. గుర్తు మరల పచ్చపట్టీలోనికి వచ్చెను. ఇప్పుడు దానికి నాలుగేండ్లు. తన కంచము తానే తెచ్చుకొని నా ప్రక్కన కూర్చుండును. ఆ పుస్తకము అట్టలూడి, పుటలకు పసుపుమరకలంటి, మా వంటింటి గూటిలో నున్నది. దాని అంచుల మీద ఓట్సునకు ఎదురుగా రాగులనియు, కప్పునకు ఎదురుగా పావులీటరు గిన్నెయనియు నా చేవ్రాత కలదు. మొన్న మా వీధిలోని మరియొక కోడలు దానిని అడిగి తీసికొనిపోయెను. ఆమె బిడ్డకు వచ్చు నెలకు ఆరునెలలు నిండును.