రాజలేఖలు: కట్ట విప్పిన చేతులు

(గ్రంథాలయ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



రాజులు వ్రాసిన లేఖలును, సేనానులు పంపిన వర్తమానములును నేడు అంగడిలో అమ్ముడుపోవుచున్నవి. ముద్ర చెడకయున్న ఒక వెల, హస్తాక్షరమున్న మరియొక వెల. బంగారుపొడి చల్లిన కాగితమై, జరీ ఖరీతా సంచితో సహా దొరకినచో అడిగినంత. కొనువారిని మేము నిందింపము. వారిలో మనకంటె శ్రద్ధగా కాగితమును కాపాడువారు గలరు. చెదపురుగు నోటికంటె ధనికుని పెట్టె మేలు. మా ఫిర్యాదు వేరు. వారు లేఖను కొనుచున్నారు గాని, లేఖల కట్టను కొనుటలేదు.

శ్రీరంగపట్టణము మాట చూతము. 1799 మే 4వ తేదీన టిప్పు సుల్తాను కోటలో పోరుచు కూలెను. పట్టణము కొల్లవోయినది. కాగితములను మాత్రము దొరలు జాగ్రత్తగా ఏరుకొనిరి. ఏలన, టిప్పు ఫ్రెంచివారితో ఉత్తరప్రత్యుత్తరములు జరిపెనన్నదే యుద్ధమునకు వారు చెప్పిన కారణము. ఆ కారణమునకు సాక్ష్యము కావలెను గదా! దొరకినవానిని తర్జుమా చేయించి అచ్చొత్తించిరి. ఆ యేటి ఆరంభమున నెపోలియను కైరోనుండి టిప్పునకు వ్రాసిన లేఖ జెడ్డాలోనే ఆంగ్లేయుల చేజిక్కినది. ఎవరి పేర వ్రాయబడినదో ఆయనకది చేరనేలేదు. ఎవరిని వెడలగొట్టుటకు వ్రాయబడినదో వారు తీరికగా చదువుకొనిరి.

అటుపిమ్మట కిర్క్‌పాట్రిక్ దొర టిప్పు లేఖలలో కొన్నింటిని ఏర్చి, ఆంగ్లీకరించి, 1811లో లండనులో ప్రకటించెను. సుల్తాను క్రూరుడనియు, మతోన్మాది యనియు నిరూపించుట ఆ యేరికలో నొక ఉద్దేశమని పీఠికయే చెప్పుచున్నది. ఐనను లేఖలు ఎంత మొండివో చూడుడు! పట్టుపురుగులను తెప్పింపుమనియు, మస్కటునుండి కుంకుమపువ్వు విత్తనములు పంపుమనియు ఆజ్ఞాపించు రాజు అందులోనే కానవచ్చుచున్నాడు. 1786లో ఆదోని ముట్టడి జరిగిన కాలమును ఆ లేఖల కాలములోనిదే. కావున ఇది పొరుగింటి కథ కాదు.

టిప్పు తన కాలగణనమును తానే మార్చెను. నెలలకును సంవత్సరములకును క్రొత్త పేర్లు పెట్టెను. అట్టి లేఖ యొక్కటి విడిగా దొరకినచో దాని తేదీ తేల్చుట పండితులకే చిక్కు. ముందరి లేఖయు, వెనుకటి జవాబును దగ్గర నున్నచో అది చాలవరకు తనంతట తేలును. తలపై 'నబీ మాలిక్' అని సుల్తాను చేవ్రాలున్న కాగితమునకు గిరాకి యున్నది. దానికి జవాబుగా ఒక కిల్లాదారు గిలికిన చిత్తుకు గిరాకి లేదు. చరిత్రకు రెండును కావలెను.

సుల్తాను గ్రంథాలయమునకు 1809లో స్టువర్టు పట్టిక ప్రకటించెను. ఆయన స్వహస్తముతో వ్రాసికొన్న కలల పుస్తకము నేటికిని లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో నున్నది. అది కొల్లసొమ్మే. ఐనను దొంగిలించినవాడు పట్టిక వ్రాసి దాచెను, వారసులమైన మనము విడివిడిగా అమ్ముకొనుచున్నాము. ఈ మాట చెప్పుటకు నోరు రాదు, చెప్పకయు తప్పదు.

ఇందులో మా తప్పును గలదు. దత్తమండలములోని యొక పాత కుటుంబమున అన్నదమ్ములు మువ్వురు పాలుపంచుకొనునపుడు మేము వకీలుగా నుంటిమి. 1792లో కడప సీమ టిప్పు చేతినుండి నిజామునకును, 1800లో నిజాము చేతినుండి కుంపిణీకిని మారినది గదా. ఆ మూడు దొరతనముల కాగితములును ఆ యింటి భోషాణములో నుండినవి. పారసీ, మోడీ, తెలుగు, అన్నియు నొకే గుడ్డలో. ముద్రలున్నవానిని మూడు వాటాలు చేసిరి. పట్టిక వ్రాసినది మేమే. చివరి పద్దు మాకు కంఠస్థము: "ముద్రలేని చినిగిన కాగితములు, గోనెసంచి ఒకటి, వెల లేదు." ఆ సంచి ఏమైనదని రెండేండ్లకు అడిగితిమి. నీళ్ల కాగులో మంట క్రిందకు పోయినదట. ముద్రలున్నవి మూడు ఊళ్లలో మూడు బేరములకు పోయినవి.

చట్టము లేదా యందురు. 1972 నాటి పురావస్తు చట్టము 75 ఏండ్లు దాటిన చారిత్రక వ్రాతప్రతిని ప్రైవేటువారు దేశము దాటింపరాదనుచున్నది. మంచిదే. కాని ఇంటిలో కట్ట విప్పినవాని చేయి అది పట్టుకొనలేదు. 1741లో ఆంగ్లకవి పోపు వ్యాజ్యెమున లార్డు హార్డ్విక్, ఉత్తరము అందుకొన్నవానికి కాగితముమీద హక్కుండవచ్చును గాని ప్రకటించు హక్కు రాదని తీర్పు చెప్పెను. కాగితము ఒకనిది, మాటలు ఒకనివి. రెండు లేఖల నడుమనున్న సంబంధము ఎవరిది? మేము చదివిన ఏ చట్టమునందును దానికి సొంతదారు లేడు.

కనుక అమ్మవలదని మేము చెప్పము. ఆడపిల్ల పెండ్లికో, అప్పునకో అమ్ముకొనువారికి నీతులు చెప్పుట మా పని కాదు. గుడ్డముడి విప్పకముందు మాకొక కబురంపుడు. ఉన్న వరుసలోనే అంకెలు వేసి, ముద్ర యున్నదియు లేనిదియు ఛాయాచిత్రములు తీసి, ఒక ప్రతి మీకును, ఒక ప్రతి ఈ గ్రంథాలయమునకును ఇచ్చెదము. మోడీ చదువగలవారు మాలో ఇరువురు గలరు. ఆదివారములలో బండి కట్టుకొని మేమే వచ్చెదము. దీనికి వకీలు ఫీజు లేదు.