దాతల చిరునామా కూడా అమానతే

(కర్దనూర్‌లో జరిగిన వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒకప్పుడు జకాత్, ఫిత్రా లెక్కలు మసీదు ముంగిట్లోనే తేలిపోయేవి. ఇప్పుడు మన దాతల్లో కొందరు పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీల్లో షిఫ్టుల మీద ఉన్నారు. కొందరి పిల్లలు రియాద్, దుబాయ్, అమెరికాల్లో ఉన్నారు. అందుకే ఈమెయిల్‌లో వార్తాలేఖ పంపడం మొదలుపెట్టాం. అందులో మేము చేసిన తప్పులను, వాటిని దిద్దుకున్న తీరును ఈ రోజు మీ ముందుంచుతున్నాం.

మొదటి తప్పే అన్నిటికన్నా పెద్దది. ఒక రంజాన్ నెలలో దాతలందరి చిరునామాలను 'టు' గడిలో పెట్టి ఒకేసారి పంపేశాం. ఎవరెవరు దానం చేస్తున్నారో అందరికీ తెలిసిపోయింది. కుడి చేత్తో ఇచ్చింది ఎడమ చేతికి తెలియకూడదని అనుకునేవారి గుట్టును మేమే బయటపెట్టాం. "నేను ఇచ్చింది మీకు, ఊరందరికీ చెప్పమని కాదు" అని ఒక పెద్దాయన ఫోన్ చేస్తే మా దగ్గర జవాబు లేకపోయింది. అప్పటి నుంచి చిరునామాలను 'బీసీసీ' గడిలోనే పెడుతున్నాం. అందులో ఉన్నవి మిగతావారికి కనిపించవు. మామూలు జీమెయిల్ ఖాతా నుంచి రోజుకు 500 మందికి మించి పంపలేం. దాతలు అంతకన్నా ఎక్కువైతే, ఒక్కొక్కరికీ విడిగా ఉత్తరం పంపే సర్వీసును వాడుకోవాలి. దాత ఇచ్చిన డబ్బు ఎలా అమానతో, చిరునామా కూడా అలాగే అమానతు. దాన్ని ఇంకొక సంస్థకు ఇవ్వకూడదు.

రెండో తప్పు ఫొటోలు. సాయం అందుకున్న వితంతువు ముఖం, ఫీజు కట్టిన పిల్లవాడి పేరు ఉత్తరంలో పెట్టేవాళ్లం. దాతలకు నమ్మకం కలగాలన్నదే మా ఉద్దేశం. కానీ ఇచ్చినదాన్ని ఎత్తిచూపి, తీసుకున్నవారి మనసు నొప్పిస్తే ఆ దానం వ్యర్థమవుతుందని ఖుర్ఆన్ బఖరా అధ్యాయం 264వ ఆయత్ హెచ్చరిస్తుంది. ఇప్పుడు ముఖాలు లేవు, పేర్లు లేవు. ఎంతమందికి, దేనికి, ఎంత ఖర్చయిందో మాత్రమే రాస్తున్నాం.

మూడో తప్పు, అడగడానికే ఉత్తరం రాయడం. రంజాన్‌లో అడిగి, మళ్లీ రంజాన్ దాకా కనబడకపోతే ఎవరికైనా విసుగే. ఈద్ తర్వాత లెక్క పంపడం ఇప్పుడు నియమంగా పెట్టుకున్నాం. అందులో జకాత్ వేరు, సదఖా వేరు. మిగిలిన డబ్బు ఎంతో కూడా రాస్తాం.

నాలుగోది, ఉత్తరం స్పామ్‌లో పడటం. దానికి మన రాతా కొంత కారణమే. "అత్యవసరం! వెంటనే పంపండి!" అని రాసి, పెద్ద పెద్ద పోస్టర్లు జత చేస్తే మోసగాళ్ల ఉత్తరంలా కనిపిస్తుంది. విషయం గడిలో "రంజాన్ జకాత్ లెక్క" అని సూటిగా రాస్తే చాలు. ఒకే పేరుతో, ఒకే చిరునామా నుంచి పంపాలి. వద్దన్నవారి పేరు వెంటనే తీసేయాలి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ పెద్ద ఎత్తున ఉత్తరాలు పంపేవారు ఒక్క నొక్కుతో ఆపుకునే వీలు కల్పించాలని షరతు పెట్టాయి. స్పామ్ అని ఫిర్యాదు చేసేవారు వెయ్యికి ముగ్గురి దాకా వెళ్లకూడదనీ అన్నాయి. మనది చిన్న సంస్థే అయినా ఆ మర్యాద మనకూ వర్తిస్తుంది.

ఐదోది చట్టానికి సంబంధించినది. ఒకే బ్యాంకు ఖాతా నంబరు వేసి దేశవిదేశాలకు ఒకే ఉత్తరం పంపకూడదు. భారత పౌరుడు గల్ఫ్‌లో సంపాదించి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపేది మాత్రం విదేశీ విరాళమే. 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం కింద అనుమతి లేని సంస్థ దాన్ని తీసుకోకూడదు. అందుకే మా జాబితాలను విడదీశాం. అలాగే పన్ను రాయితీకి గుర్తింపు లేని సంస్థ ఆ రాయితీ వస్తుందని రాయకూడదు.

ఇప్పుడు ఏ ఉత్తరమైనా ముందు మాలో ఇద్దరికి పంపి, ఫోన్‌లో తెరిచి, అంకెలు, ఖాతా నంబరు సరిచూశాకే మీకు పంపుతున్నాం. పొరపాటు దొర్లితే తిరుగు ఉత్తరంలో మొహమాటం లేకుండా చెప్పండి. మీ చిరునామా మారితే తెలియజేయండి.