అంటుకొను మాంసకృత్తు
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



మన భాషలో ‘అంటువ్యాధి’ యను మాట కలదు. మన పొరుగు కన్నడిగులును ‘అంటురోగ’ మనియే యందురు. ఒకరినుండి యొకరికి సోకునది యని మనము దానికి అర్థము చెప్పుకొనుచున్నాము. కాని సూక్ష్మజీవిశాస్త్రము బోధించి ముసలివాడనైన నాకు ఆ మాటలో మరియొక అర్థము తోచును. సూక్ష్మజీవి మొదట అంటుకొనవలెను. వ్యాధి ఆ పిమ్మటనే. అంటుకొనలేనిది కొట్టుకొనిపోవును. ఆ అంటుకొనుటకు సాధనమైన యొక మాంసకృత్తును గూర్చి నేడు మీకు విన్నవింపదలచితిని. మాంసకృత్తు అనగా ప్రోటీను. నేను చదువుకొన్న పుస్తకములలో అట్లే యుండెడిది. ఆ యలవాటు పోలేదు.

విషయము స్త్రీలకు మిక్కిలి సంబంధించినది. సభలో చెప్పదగునా యని కొందరు సంకోచింపవచ్చును గాని, ఆ సంకోచమువలననే బాధ పెరుగుచున్నది. మూత్రవిసర్జనలో మంట కలిగినపుడు మన యిండ్లలో ‘ఒంటికి వేడి చేసినది’ అని బార్లీనీళ్ళో, సబ్జాగింజల నీళ్ళో త్రాగి యూరకుందురు. తగ్గినచో సరే, తగ్గనిచో ఎవ్వరికిని చెప్పక ఓర్చుకొందురు. స్త్రీలలో ఇంచుమించు సగముమందికి జీవితములో ఒక్కసారియైనను ఈ బాధ కలుగునని వైద్యుల లెక్క. సామాన్యముగా వచ్చు ఇట్టి వ్యాధులలో నాలుగింట మూడుపాళ్ళకు కారణము ఎషెరికియా కోలై యను సూక్ష్మజీవి. 1885లో థియొడోర్ ఎషెరిక్ అను వైద్యుడు పసిబిడ్డల మలమును పరీక్షించి దీనిని వర్ణించెను. ఇది మన ప్రేగులలో నిత్యము కాపురముండునదే. అచ్చట నున్నంతకాలము చాలవరకు కీడు చేయదు. మూత్రాశయము చేరినప్పుడే చిక్కు.

మూత్రాశయము దినమునకు పలుమార్లు కడుగబడు తావు. అట్టిచోట ఈ జీవి ఎట్లు నిలువగలదు? దాని యొంటినిండ సన్నని నూగువంటి పోగులు వందలకొలది యుండును. 1955లో డ్యూగిడ్ అను స్కాట్లండు శాస్త్రజ్ఞుడును అతని సహచరులును వీనిని ఎలెక్ట్రాను సూక్ష్మదర్శినిలో పరిశీలించి ‘ఫింబ్రియే’ యని పేరిడిరి. ఈ పోగులు గల కోలైని గినీపంది నెత్తుటికణములతో కలిపినచో కణములన్నియు గుంపులుగా అతుకుకొనును. మాన్నోసు అను చక్కెరను కొంచెము కలిపినచో అతుకుట మానును. 1977లో ఓఫెక్, మిరెల్మన్, షారన్ అను ఇజ్రాయెలు శాస్త్రజ్ఞులు మనుష్యుల కణములకు కోలై అంటుకొనుటయు ఈ మాన్నోసును పట్టుకొనియే యని చూపిరి. మన కణములపైని మాంసకృత్తులకు ఆ చక్కెర తగులుకొని యుండును. కోలై పోగు చివరనున్న ఫిమ్‌హెచ్ అను మాంసకృత్తు దానిని పట్టును. చేలో నడచి వచ్చినప్పుడు చీరకుచ్చిళ్ళను ఉత్తరేణి గింజలు పట్టుకొన్నట్లని తలంపుడు.

ఆ పోలిక పూర్తిగా సరిపోదు. ఉత్తరేణి గింజ లాగినచో వచ్చును. ఫిమ్‌హెచ్ లాగినకొలది బిగియును. 2002లో అమెరికాలోని సియాటిల్ నగరమున థామస్, సొకురెంకో మొదలగువారు కోలైపై నీటిని పారించి చూచిరి. నీరు మెల్లగా పారునప్పుడు వదులుగా నున్న జీవులు, వడి హెచ్చినపుడు గట్టిగా అతుకుకొన్నవి! ఉరిముడి వంటిదన్నమాట. దీని కారణము 2010లో తేలినది. ఫిమ్‌హెచ్‌కు రెండు భాగములు: చక్కెరను పట్టు తల, పోగును పట్టు మొండెము. మొండెము తలను ఆనుకొని యున్నంతసేపు పట్టు సడలి యుండును. లాగినప్పుడు రెండును విడివడి, తల బిగువు తెచ్చుకొనును.

ఇక ప్రయోగశాలలో దొరకు ఫిమ్‌హెచ్ మాట. కోలైనుండి పోగులను గీకి తీసి ఈ మాంసకృత్తును వేరుచేయుట కష్టము. పోగునకు చివర ఒక్కటియే గదా! జన్యువును ఒక జీవినుండి కోసి వేరొక జీవిలో అతికించు విద్య 1973లో కోహెన్, బోయర్ అనువారి పనితో వచ్చినది. ఆ విద్యతో ఫిమ్‌హెచ్ జన్యువును తీసి, వ్యాధి కలిగింపని ప్రయోగశాల కోలైలోనే పెట్టి చేయింతురు. దొంగ చేతనే తాళపుచెవి చేయించుట! జన్యువు చివర హిస్టిడిను అను అమైనో ఆమ్లములు ఆరింటిని చేర్చి తోక తగిలింతురు. ఆ తోక నికెలు లోహమును పట్టుకొనును గనుక, నికెలు నింపిన గొట్టము గుండ రసమును పోసినచో ఫిమ్‌హెచ్ నిలిచి తక్కినవి చాలవరకు దిగిపోవును.

ఒక చిక్కు కలదు. ఫిమ్‌హెచ్ మొండెమున ఏడు పేట లుండవలసినచోట ఆరే యున్నవి. ఏడవది పోగులోని ప్రక్క మాంసకృత్తు ఇచ్చును. పోగు కట్టబడక పూర్వము ఫిమ్‌సి యను తోడుమాంసకృత్తు ఆ లోటు తీర్చును. ఒంటరిగా చేసిన ఫిమ్‌హెచ్ నిలువక చెడిపోవును. కావున దానిని ఫిమ్‌సితో జతగా చేయుదురు, లేదా తలను మాత్రమే చేయుదురు. ఇచ్చట మెలకువ వలయును. ఒంటి తల ఎల్లప్పుడును బిగుసుకొనియే యుండును. మొండెము లేదు గనుక సడలుట దానికి లేదు. సీసాలోనున్నది తల యొక్కటియేనా, జతయా యని చూడక ప్రయోగము చేసినవాడు తప్పు లెక్క వేయును. నా విద్యార్థి యొకడు అట్లు మూడు నెలలు పోగొట్టుకొనెను. చూడుమని చెప్పనివాడను నేనే.

ఆ సీసాపై ‘పరిశోధనకు మాత్రమే’ యని వ్రాసియుండును. పరీక్షపాత్రలో జరుగునది దేహములో జరుగవలెనని లేదు. పాత్రలో మాన్నోసు కోలైని విడిపించును గదా యని, దానినే పొడిగా త్రాగిన వ్యాధి మరల రాదని నమ్మకము ప్రబలి, అంగళ్ళలో అమ్ముచున్నారు. ఈ బాధ మాటిమాటికి వచ్చు 598 మంది స్త్రీలతో బ్రిటనులో పరీక్ష చేసి, 2024లో ఫలితము ప్రకటించిరి. మాన్నోసు పుచ్చుకొన్నవారిలో నూటికి 51 మంది, ఉత్తిపొడి పుచ్చుకొన్నవారిలో నూటికి 56 మంది ఆరునెలలలో మరల వైద్యసహాయము కోరిరి. ఆ తేడా లెక్కకు వచ్చునది కాదు. విచిత్రమేమన, పెద్దలు చెప్పు నీళ్ళ మాటకు ఆధారము దొరికినది. 2018లో వెలువడిన యొక పరీక్షలో, తక్కువ నీరు త్రాగు స్త్రీలు దినమునకు ఒకటిన్నర లీటరు అదనముగా త్రాగగా వ్యాధి వచ్చు మారులు ఇంచుమించు సగమునకు తగ్గినవి. వడి పెరిగిన కోలై బిగియునని చెప్పిన ప్రయోగమొక్కటే చూచినవాడు నీళ్ళు త్రాగవద్దనెడివాడు!

ఫిమ్‌హెచ్‌నుండి టీకా చేయు యత్నమును కలదు. 1997లో ఎలుకలలో అది కొంత రక్షణ యిచ్చినట్లు ప్రకటించిరి. కాని టీకాకు చేయు శుద్ధి వేరు, ప్రయోగశాల సీసాకు చేయు శుద్ధి వేరు. కోలైలో చేయించినది గనుక కోలై పైపొరలోని విషము లేశమాత్రము మిగిలినను, నెత్తుట పడినచో జ్వరము, అంతకు మించిన యపాయము కలుగవచ్చును.

మా పినతల్లి కుమార్తె యొకతె ఏడాదిలో నాలుగుమారులు ఈ బాధ పడి, నా పనిని గూర్చి విని, “అన్నయ్యా, ఆ సీసాలో దేదో నాకు వేయించరాదా?” అని యడిగినది. అందలి సరకు గ్రాములో పదివేలవ పాలు. అదియు మందు కాదని చెప్పితిని. జ్వరమో, నడుమునొప్పియో కలిగిననైతే, గర్భవతివైతే, ఒక్కదినము కూడ ఆగవద్దంటిని. మూత్రమును పెంపకపు పరీక్షకు పంపించితిని. కోలైయే పెరిగినది. ఏ మందునకు లొంగునో చూచి వైద్యురాలు మాత్రలు వ్రాసిరి. వెనుక ఎవరో యిచ్చిన మాత్రలను రెండుదినములు మ్రింగి మంట తగ్గగనే మానివేసినదట. ఈసారి చెప్పిన దినములన్నియు మ్రింగినది. సీసా మా శీతలపేటికలోనే యున్నది.