క్వీన్స్‌లాండ్ నడిబొడ్డున సముద్రం

మన స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ తెలుగు పిల్లల్ని ఏ జంతువంటే ఇష్టమని అడిగి చూడండి, మెగలొడాన్ అని ఠక్కున చెప్పేవాళ్ళు చాలామందే ఉంటారు. తాతగారి ఊరిపేరుకు తడుముకుంటారు గానీ ఆ సొరచేప పన్ను ఎంత పొడవో మాత్రం కంఠతా వచ్చు. ముచ్చటే. కానీ అదింకా సముద్రం అడుగున దాక్కుని ఉందని కూడా నమ్ముతున్నారు, అదీ నా బాధ. అది అంతరించి 36 లక్షల ఏళ్ళయింది. తిమింగలాలను వేటాడి తిన్న జీవి, తిండే కరువైన ఆ చీకటి లోతుల్లో ఏం తిని బతుకుతుంది చెప్పండి?

పోనీ, అది ఎంత పెద్దది? సొరచేపకు గట్టి ఎముకలుండవు. ఒళ్ళంతా మన ముక్కు కొసలో ఉండేలాంటి మృదులాస్థి. చచ్చాక అది కుళ్ళిపోతుంది, పళ్ళు మిగులుతాయి, ఎప్పుడైనా నాలుగు వెన్నుపూసలు. వాటిని బట్టే పొడవు లెక్క కడతారు. ఒక్క గారెను చూసి పెళ్ళిభోజనం ఖర్చు చెప్పినట్టన్నమాట. అందుకే 15 మీటర్లని ఒకరంటే, 24 దాకా ఉండొచ్చని 2025లో ఇంకొకరన్నారు. అదే ఏడాది డార్విన్ దగ్గర దొరికిన 5 వెన్నుపూసలను పరిశీలించి, 11.5 కోట్ల ఏళ్ళ కిందట అక్కడ 8 మీటర్ల సొరచేప తిరిగిందని తేల్చారు. మెగలొడాన్ కంటే ఎంతో ముందుకాలం సంగతి.

ఆ కాలంలోనే మన క్వీన్స్‌లాండ్ నడిబొడ్డున ఎరొమాంగా అనే సముద్రం ఉండేది. ఇప్పుడు గొర్రెలూ పశువులూ మేసే ఎండిన బయళ్ళే ఆనాటి సముద్రగర్భం. అక్కడ ఏలింది సొరచేప కాదు, క్రోనోసారస్. చేపా కాదు, డైనోసారూ కాదు. గాలి పీల్చుకోడానికి పైకి వచ్చే సరీసృపం. తల ఒక్కటే రెండు మీటర్ల పైన. పొడవు మెడ జీవుల్ని కూడా వదిలేది కాదు. రిచ్‌మండ్ ప్రాంతంలో దొరికిన అలాంటి ఒక పుర్రె మీద దీని పళ్ళ గాట్లే ఉన్నాయంటారు.

1899లో ఆండ్రూ క్రాంబీ అనే ఆయన హ్యూయెండెన్ ప్రాంతం నుంచి ఆరు పళ్ళున్న దవడ ముక్కను బ్రిస్బేన్ మ్యూజియానికి పంపాడు. పాతికేళ్ళు అది అలాగే పడి ఉంది. 1924లో మ్యూజియం డైరెక్టర్ హీబర్ లాంగ్‌మన్ దానికి పేరు పెట్టాడు, సొంత పిల్లల్నే మింగిన గ్రీకు దేవుడు క్రోనోస్ పేరు. ఆ తర్వాత 1930ల మొదట్లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళొచ్చి, రిచ్‌మండ్ దగ్గర ఆర్మీ డౌన్స్ అనే పశువుల మేతభూమిలో డైనమైట్ పెట్టి రాళ్ళు పేల్చి, పెద్ద అస్థిపంజరాన్ని పెట్టెలకెత్తి అమెరికా పట్టుకుపోయారు. మన అమరావతి శిల్పాల కోసం లండన్ వెళ్ళాల్సి వచ్చినట్టే, క్వీన్స్‌లాండ్ వాళ్ళు దాని కోసం బోస్టన్ దాకా పోవాలి.

అయితే హార్వర్డ్‌లో అది ప్రదర్శనకు వచ్చేసరికి పాతికేళ్ళు పైన పట్టింది. లోపించిన భాగాలన్నీ ప్లాస్టర్‌తో పూరించారు. దాంతో ‘ప్లాస్టరోసారస్’ అని వెక్కిరించినవాళ్ళూ ఉన్నారు! వెన్నుపూసలు కాస్త ఎక్కువే పెట్టారట, పొడవు 13 మీటర్ల దాకా సాగింది. ఇప్పుడు 10, 11 మీటర్లంటున్నారు. నాకైతే ఆ తగ్గిన లెక్కే నచ్చింది. పదిమీటర్లంటే మాత్రం తక్కువా?

పిల్లల్ని తీసుకెళ్ళాలంటే బోస్టన్ అక్కర్లేదు. టౌన్స్‌విల్ నుంచి పడమరగా 500 కిలోమీటర్లు పోతే రిచ్‌మండ్ వస్తుంది. అక్కడ క్రోనోసారస్ కార్నర్ అనే మ్యూజియం ఉంది. ఊరి బయట జనం స్వయంగా శిలాజాలు ఏరుకునే చోట్లున్నాయి, మ్యూజియంలో అడిగితే దారి చెబుతారు. ఓపిగ్గా వెతికితే చేప పొలుసులో, సొరచేప పన్నో దొరకొచ్చు. ఎండాకాలంలో మాత్రం వద్దు, జూన్, జూలైల్లో వెళ్ళండి. నీళ్ళూ టోపీలూ మరిచిపోకండి.